విస్తట్లో ఏముందో మాకు తెలియాలి: విజయనగరం హోటళ్ల యజమానులకు, అధికారులకు బహిరంగ లేఖ

విజయనగరంలో హోటళ్లు, మెస్సులు, ఫాస్ట్‌ఫుడ్ కేంద్రాలు నడుపుతున్న యజమానులకు, వాటిని తనిఖీ చేయవలసిన బాధ్యత ఉన్న అధికారులకు నమస్కారం.

ముప్పై ఒక్క సంవత్సరాలు ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో జీవశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయినిని. ఈ ఊళ్లోనే పుట్టి పెరిగాను. రాతపూర్వకంగా ఇచ్చిన అర్జీకి జవాబు దొరకని కారణంగా ఈ విషయాన్ని అందరి ముందూ పెడుతున్నాను.

జరిగింది ఇది. పోలిపాడ్యమి వెళ్లాక వచ్చిన మొదటి ఆదివారం రాత్రి మా కుటుంబం ఐదుగురం పట్టణంలోని ఒక రెస్టారెంటుకు వెళ్లాం. కార్తీకం నెల్లాళ్లూ మాంసాహారం ముట్టని ఇల్లు కనుక పిల్లలు ఆ రోజు కోసం ఎదురుచూశారు. తొమ్మిదేళ్ల మా మనవరాలు షవర్మా అడిగింది, అల్లుడు చికెన్ ఫ్రైడ్ రైస్ తెప్పించుకున్నాడు, మా అమ్మాయి గోబీ మంచూరియా తెప్పించుకుంది, ముగ్గురూ తలా కాస్త పంచుకున్నారు. నేనూ మావారూ రోటీ, పప్పు తిన్నాం. రాత్రి రెండు గంటలకు మనవరాలికి వాంతులు పట్టుకున్నాయి. తెల్లవారేసరికి అమ్మాయికీ అల్లుడికీ కూడా మొదలయ్యాయి. రోటీ తిన్న మా ఇద్దరికీ ఏమీ కాలేదు. పిల్లను ఆసుపత్రిలో చేర్చి రెండు రోజులు సెలైన్ ఎక్కించారు. సూది గుచ్చిన చోట చెయ్యి వాచిపోతే ఆ చేతిని నా ఒళ్లో పెట్టి, "అమ్మమ్మా, నేనే కదా అడిగాను" అని ఆ పిల్ల ఏడ్చింది. హోటల్లో ఇష్టమైనది అడిగినందుకు తొమ్మిదేళ్ల పిల్ల తప్పు తనదే అనుకోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడటం లేదు.

మూడో రోజు ఆ రెస్టారెంటుకు వెళ్లి అడిగాను. వారు మర్యాదగానే మాట్లాడారు. "రోజుకు రెండు వందల మంది తింటున్నారమ్మా, మీరు తప్ప ఎవరూ వచ్చి చెప్పలేదు" అన్నారు. నా దగ్గర ఉన్న ఆధారం ఒక చీటీ ముక్క. దాని మీద నాలుగు అంకెలు, వాటి కూడిక ఉన్నాయి గానీ హోటలు పేరు లేదు, తేదీ లేదు. ఫోనులో డబ్బు కట్టినట్టు కనిపిస్తున్న పేరు కూడా హోటలుది కాదు, ఎవరో వ్యక్తిది. ఆసుపత్రి కాగితాలు జతచేసి ఒక ప్రభుత్వ కార్యాలయంలో అర్జీ ఇచ్చి రసీదు తీసుకున్నాను. మూడు వారాల తర్వాత నా అర్జీ పరిష్కారమైందని ఫోనుకు సందేశం వచ్చింది. ఆ మూడు వారాల్లో నాతో ఎవరూ మాట్లాడలేదు, ఎవరూ ఏమీ అడగలేదు. తర్వాత రెండుసార్లు వెళ్లినా ఏం పరిష్కారమైందో చెప్పినవారు లేరు.

ఆ హోటలు తిండి వల్లే జబ్బు చేసిందని నేను నిరూపించలేను. అందుకే దాని పేరు ఇక్కడ రాయడం లేదు. అయితే నాలాగా బయట తిని జబ్బుపడినవారు ఎందరున్నా, ఒక్కరికైనా నిరూపించుకునే దారి లేకుండా ఉండటం న్యాయం కాదని ఈ లేఖ రాస్తున్నాను.

మా చిన్నతనంలో బయట తినడమంటే టిఫిను హోటలే. ఇడ్లీ పిండి ఎక్కువ పులిస్తే నోట్లో పెట్టుకోగానే తెలిసేది. సాంబారు పాసిపోతే గిన్నె మూత తీసేసరికి వాసన పట్టించేది. మధ్యాహ్నానికి కొబ్బరి చట్నీ జిగురు సాగితే వడ్డించేవారే తీసి పారబోసేవారు. పెసరట్టు, మినపరొట్టె, పూరీ కూర మన ఇళ్లలో చేసుకునేవే కనుక వాటి మంచిచెడ్డలు మన ముక్కుకీ నాలుకకీ తెలుసు. ఇప్పుడు గంటస్తంభం చుట్టుపక్కల, ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గర, రింగు రోడ్డు పొడవునా ఒకే వరసలో నూడుల్స్, మోమోలు, షవర్మా, మండీ, తందూరీ, పిజ్జా దొరుకుతున్నాయి. ఇది మంచి మార్పేనని నా అభిప్రాయం. మన ఊరి పిల్లలు విశాఖపట్నం వెళ్లకుండానే నాలుగు దేశాల రుచులు చూడటం నాకు సంతోషమే. కానీ ఈ వంటల విషయంలో మన నాలుకకు ఆ తెలివి ఇంకా లేదు. మయొనైజ్ పాడైనా వెల్లుల్లి, పులుపు, తీపి దాన్ని కప్పేస్తాయి. షవర్మాలో మాంసాన్ని సన్నగా తరిగి రొట్టెలో చుట్టి ఇచ్చాక లోపలిది ఉడికిందో లేదో కంటికి కనబడదు. కనుక కొత్త వంటకాన్ని తెచ్చి అమ్మేవారే దాని మంచిచెడ్డలకు పూచీ పడాలి, అధికారులు ఆ పూచీని పరీక్షించాలి. ఈ రెండూ సరిగా జరగకపోతే సామాన్యులకు ఏం నష్టం జరుగుతోందో వరసగా విన్నవిస్తాను.

1. షవర్మా, మయొనైజ్. పచ్చి గుడ్డు సొనతో చేసే మయొనైజులో సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉండే అవకాశం ఉంది. ఉడికించే పని లేని పదార్థం కనుక అది చచ్చే దశ ఎక్కడా రాదు. ఉదయం కలిపిన మయొనైజును ప్లాస్టిక్ సీసాల్లో నింపి, మన ఊరి ఎండల్లో రాత్రి పదకొండు దాకా స్టవ్ పక్కనే ఉంచితే అది ఎన్ని రెట్లు పెరుగుతుందో పదో తరగతి పిల్లలు కూడా లెక్కగట్టగలరు. ఇక నిలువు చువ్వకు గుచ్చిన మాంసం పైపొరే మంటకు కాలుతుంది. గిరాకీ తగ్గినప్పుడు మంట తగ్గించి, మళ్లీ జనం వచ్చినప్పుడు పెంచుతూ పోతే లోపలి పొరలు గంటల తరబడి గోరువెచ్చగానే ఉండిపోతాయి. 2022 మే నెలలో కేరళలోని కాసరగోడ్ జిల్లా చెరువత్తూరులో షవర్మా తిని ఒక విద్యార్థిని చనిపోయింది, ఎంతోమంది ఆసుపత్రి పాలయ్యారు. 2024 అక్టోబరులో హైదరాబాదులో మోమోలు తిన్న ఒక మహిళ మరణించిన తర్వాత, అదే నెల 30న తెలంగాణ ప్రభుత్వం పచ్చి గుడ్డు మయొనైజును ఏడాదిపాటు నిషేధించింది. 2025 ఏప్రిల్‌లో తమిళనాడు కూడా అదే పని చేసింది. మన పొరుగు రాష్ట్రాలు ప్రాణాలు పోయాక మేలుకున్నాయి. అలాంటి రోజు మన జిల్లాకు రాకముందే మేలుకోమని వేడుకుంటున్నాను. గుడ్డు లేని మయొనైజు, పాశ్చరీకరించిన (వేడితో సూక్ష్మజీవులను చంపిన) గుడ్డుతో చేసిన మయొనైజు బజారులో దొరుకుతున్నాయి. వాటికి మారడం వల్ల ఒక్కో షవర్మాకు పడే అదనపు ఖర్చు, ఒక పిల్లకు ఎక్కించే ఒక సెలైన్ సీసా ఖరీదుకు కూడా సరితూగదు.

2. ఫ్రైడ్ రైస్. మెతుకు మెతుకుకు అంటుకోకుండా పొడిపొడిగా ఉండాలని దీనికి అన్నాన్ని మధ్యాహ్నమే వండి, పెద్ద పళ్లేల్లో ఆరబోసి, రాత్రి దాకా వాడుతారు. బియ్యంలో సహజంగా ఉండే బాసిలస్ సీరియస్ అనే బ్యాక్టీరియా సిద్ధబీజాలు (దాని విత్తనాల్లాంటి నిద్రాణ రూపాలు) అన్నం ఉడికినా చావవు. అన్నం గది వేడిలో గంటల తరబడి ఉంటే అవి మొలకెత్తి విషాన్ని తయారుచేస్తాయి. ఆ విషం ఎంత పెద్ద మంట మీద వేయించినా పోదు. పెనం ఎర్రగా కాలుతోంది కదా, సెగకు అన్నీ చచ్చిపోతాయి అని చాలామంది వంటవారు నమ్ముతారు. అది పొరపాటు. వండినదాన్ని 60 డిగ్రీల పైన వేడిగానైనా ఉంచాలి, 5 డిగ్రీలకు మించని చల్లదనంలోనైనా ఉంచాలి. ఒక్క మాట అదనంగా చెప్పాలి: మన ఇళ్లలో రాత్రి అన్నంలో నీళ్లు పోసి చద్దన్నం చేసుకుంటే ఆ పులుపు ఈ బ్యాక్టీరియాను కొంతవరకు అదుపులో ఉంచుతుంది. ఆరబోసిన అన్నానికి ఆ రక్షణ కూడా లేదు.

3. రంగు. ఆ రాత్రి మా అమ్మాయి వేళ్లకు అంటిన మంచూరియా ఎరుపు మర్నాడు సబ్బుతో రెండుసార్లు కడిగినా గోళ్ల చివర మిగిలిపోయింది. మిరపకారం ఎరుపు నూనెలో కరుగుతుంది, నీటిలో కరగదు. వేళ్లు కడిగిన నీళ్లు గులాబీ రంగుకు తిరిగాయంటే అందులో మిరపకారం కాక ఇంకేదో కలిసిందనే అర్థం. 2024 మార్చిలో కర్ణాటక ప్రభుత్వం గోబీ మంచూరియాలో కృత్రిమ రంగులను నిషేధించింది. బట్టల అద్దకంలో వాడే రోడమిన్-బి వంటి రంగులు తిండిలో కలుస్తున్నట్టు అక్కడి పరీక్షల్లో తేలింది. ఎర్రగా లేకపోతే జనం కొనరని యజమానులు అంటారు. కొనేవారిగా ఆ తప్పులో మా వాటా ఉందని ఒప్పుకుంటున్నాను. గోధుమ రంగులో ఉన్న మంచూరియా కూడా రుచిగానే ఉంటుందని ఒక బోర్డు రాసి పెట్టండి, మేము అర్థం చేసుకుంటాం.

4. నూనె. సాయంత్రం బండి దగ్గర నిలబడి మూకుడులోకి చూస్తే తెలుస్తుంది: నూనె నల్లబడి, చిక్కబడి, బజ్జీ వేసిన చోటే కాక అంచుల దాకా నురగ కక్కుతూ ఉంటుంది. పదేపదే కాచిన నూనెలో పుట్టే హానికర పదార్థాలు 25 శాతం దాటితే ఆ నూనె వాడకూడదని 2018 జులై 1 నుంచి నిబంధన ఉంది. దాన్ని అక్కడికక్కడే కొలిచే చేతి పరికరాలు ఉన్నాయి. రోజుకు 50 లీటర్లకు మించి నూనె వాడేవారు లెక్కల పుస్తకం రాయాలి, వాడేసిన నూనెను అనుమతి ఉన్న సేకరణదారులకే ఇవ్వాలి. ఈ నూనె బయోడీజిల్ తయారీకి పోవాలని 2018లో దేశవ్యాప్త కార్యక్రమం కూడా మొదలైంది. మన ఊరి పెద్ద వంటశాలల్లో తీసేసిన నూనె ఎక్కడికి పోతోందో చెప్పే లెక్క ప్రజలకు ఏనాడూ కనబడలేదు. అది చవగ్గా బండ్లకు చేరితే, రోజూ సాయంత్రం పది రూపాయల పునుగులతో కడుపు నింపుకునే కూలీల గుండెకే దాని బరువు పడుతుంది.

5. నీళ్లు, వంటచేసే చేతులు. 2024 అక్టోబరులో మన జిల్లాలోనే గుర్ల మండలంలో అతిసారం ప్రబలి ప్రాణాలు పోయాయి. నీరు కలుషితమైతే ఏమవుతుందో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. బల్ల మీద పెట్టే జగ్గులో నీళ్లు ఎక్కడివి, చట్నీ రుబ్బేందుకు పోసిన నీళ్లు ఎక్కడివి అని అడిగితే చెప్పగలిగిన హోటళ్లు కొన్నే. వంటవారికీ వడ్డించేవారికీ ఏడాదికోసారి వైద్య పరీక్ష చేయించాలని నిబంధన చెబుతోంది. ఆ పరీక్షకన్నా ముఖ్యమైనది మరొకటి ఉంది. మన హోటళ్లలో పనిచేసే కుర్రవాళ్లు చాలామంది ఒడిశా నుంచి, ఇంకా దూరం నుంచి వచ్చి, హోటలు వెనక గదిలోనే పడుకుంటారు. విరేచనాలు పట్టుకున్న రోజున పనికి రానంటే కూలి పోతుంది కనుక చెప్పకుండా పని చేస్తారు. జబ్బు చేసిన రోజుకు కూలి కట్ చేయకుండా సెలవు ఇచ్చే యజమాని వందలమంది ఆరోగ్యాన్ని కాపాడినవారవుతారు.

6. పార్శిల్. వేడి సాంబారును పల్చటి కవర్లో పోసి రబ్బరు బ్యాండు చుట్టి ఇవ్వడం, బజ్జీలను అచ్చు సిరా అంటుకునే వార్తాపత్రికలో పొట్లం కట్టడం మానాలి. తినే పదార్థాలను వార్తాపత్రికల్లో చుట్టకూడదని 2018 ప్యాకేజింగ్ నిబంధనల్లోనే ఉంది. ఇంటి నుంచి గిన్నె తెచ్చుకున్నవారికి రెండు రూపాయలు తగ్గించి ఇస్తే సగం సమస్య తీరుతుంది.

ఈ నష్టాలన్నీ ఎవరి మీద పడుతున్నాయో కూడా చూడండి. సరదాకు తినేవారు ఒక హోటలు బాగాలేకపోతే మరొకదానికి పోతారు. ప్రభుత్వ ఆసుపత్రిలో రోగి పక్కన కూర్చున్నవారికి ఆ గేటు ఎదురుగా ఉన్నదే హోటలు. చీపురుపల్లి నుంచో, గజపతినగరం నుంచో కలెక్టరేటు పని మీద వచ్చి తిరుగు బస్సు కోసం చూసేవారికీ, రాయపూర్ లైను బండి దిగి హౌరా-చెన్నై లైను బండి కోసం స్టేషనులో ఆగినవారికీ, హాస్టలు భోజనం చాలక రాత్రి బండి దగ్గరకు వచ్చే విద్యార్థులకూ వేరే దారి లేదు. రోజుకూలీకి రెండు రోజులు కడుపు చెడితే రెండు రోజుల కూలి, మందుల ఖర్చు, ఆ వారం ఇంట్లో బియ్యం అన్నీ ఒకేసారి పోతాయి. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం నాడు లక్షలమంది మన ఊరి బండ్ల మీద తింటారు. వారంతా మన అతిథులే.

చట్టం బలహీనంగా ఉందని నేను అనడం లేదు. 2006 ఆహార భద్రతా ప్రమాణాల చట్టం చదివాను. తిండి వల్ల మరణం సంభవిస్తే కనీసం 5 లక్షలు, తీవ్రమైన హాని జరిగితే 3 లక్షల వరకు, ఇతర హానికి లక్ష వరకు పరిహారం ఇప్పించవచ్చని 65వ సెక్షను చెబుతోంది. తాను కొన్న పదార్థాన్ని రుసుము కట్టి పరీక్ష చేయించుకునే హక్కు కొన్నవారికి 40వ సెక్షను ఇస్తోంది. కానీ పరీక్షకు పంపే ఉద్దేశం ఉందని కొనేటప్పుడే అమ్మేవారికి చెప్పాలనే షరతు అందులో ఉంది. రాత్రి తొమ్మిదికి తిని రెండు గంటలకు వాంతులు చేసుకున్న మనిషి ఆ షరతును ఎలా పాటించాలి? ఆ దారి మూసుకుపోయినప్పుడు మిగిలేది అధికారులు తీసే నమూనాలే. వారు రాకపోతే మాకు చట్టం ఉన్నా లేనట్టే. తినుబండారాల వల్ల జబ్బుపడిన కేసులను వైద్యులు తెలియజేయాలని ఆదేశించే వీలు 35వ సెక్షనులో ఉంది. దాన్ని వాడుకుంటే ఒకే రాత్రి ఒకే వీధిలో తిన్న పదిమంది పది ఆసుపత్రుల్లో చేరినా ఆ సంగతి ఒకచోట తేలుతుంది. "మీరు తప్ప ఎవరూ రాలేదు" అన్న మాటకు అప్పుడు నిజమైన జవాబు దొరుకుతుంది.

ఇవి మా కోర్కెలు. మొదట యజమానులకు:

7. పేరు, తేదీ, 14 అంకెల ఆహార భద్రత లైసెన్సు లేదా రిజిస్ట్రేషను నంబరు ఉన్న బిల్లు అడగకుండానే ఇవ్వండి. బిల్లు మీద ఆ నంబరు ఉండాలనే నియమం 2022 జనవరి 1 నుంచి ఉంది. లైసెన్సు లేదా రిజిస్ట్రేషను కాగితాన్ని గల్లాపెట్టె వెనక గోడకు కాక, తినేవారికి కనబడే చోట కట్టండి.

8. వాడుతున్న నూనె ఏది, మయొనైజు గుడ్డుదా కాదా, రంగు వేస్తున్నారా లేదా అన్న మూడు సంగతులు తెలుగులో బోర్డు మీద రాయండి. ఈ మూడూ నిజాయితీగా రాసే హోటలుకు నా బోటివారు పది రూపాయలు ఎక్కువిచ్చి వస్తారు. గ్యాస్ ధర, అద్దె, జీతాలు పెరిగి మీరు పడుతున్న ఇబ్బంది మాకు తెలుసు. శుభ్రంగా నడిపే మీలో చాలామంది, శుభ్రత వదిలేసి ధర తగ్గించేవారితో పోటీ పడలేక నలిగిపోతున్నారని కూడా తెలుసు. తనిఖీలు సరిగా జరిగితే ముందుగా లాభపడేది మీరే.

అధికారులకు:

9. పండగ ముందు రెండు రోజుల దాడులతో సరిపెట్టకుండా, నెలనెలా, ముఖ్యంగా రాత్రి ఏడు నుంచి పదకొండు మధ్య తనిఖీ చేయండి. ఈ వంటలు అమ్ముడుపోయేది ఆ వేళల్లోనే. తీసిన నమూనాలు ఎన్ని, ఎన్నింటిలో లోపాలు తేలాయి అన్నది ప్రతి నెలా పట్టణంలో అందరికీ కనబడేలా ప్రకటించండి. విశ్లేషకులు 14 రోజుల్లో నివేదిక ఇవ్వాలని చట్టమే చెబుతున్నప్పుడు ఈ ప్రకటన అసాధ్యం కాదు.

10. పచ్చి గుడ్డు మయొనైజును పొరుగు రాష్ట్రాలు ఆపించినట్టే మన జిల్లాలోనూ ఆపించేలా ప్రభుత్వానికి సిఫారసు పంపండి.

11. బండ్ల వారిని జరిమానాలతో బెదరగొట్టే ముందు వారికి తెలుగులోనూ ఒడియాలోనూ శిక్షణ ఇవ్వండి, వంటకు మంచి నీటి కుళాయి చూపించండి. బతుకుతెరువు పోగొట్టమని నేను అడగడం లేదు.

12. అర్జీ ఇచ్చినవారితో మాట్లాడకుండా, సంతకం తీసుకోకుండా ఏ అర్జీనీ పరిష్కారమైనట్టు మూసివేయకండి. నా అర్జీని తిరిగి తెరవండి. ఆసుపత్రి కాగితాలు, చీటీ, రసీదు భద్రంగా ఉన్నాయి.

వచ్చే నెల మొదటి సోమవారం ఈ లేఖ ప్రతిని, పాత రసీదును తీసుకుని అర్జీల వేళకు మళ్లీ వస్తాను. ఆసుపత్రి తేదీల ప్రకారం నా మనవరాలి వివరాలు ఎవరు అడిగినా చెబుతాను. ఈ ఊళ్లో ఇలాంటి అనుభవం ఎదురైనవారు తమ బిల్లులు, చీటీలు, వైద్యుల కాగితాలు పట్టుకుని ఆ రోజు ఉదయం పది గంటలకు నాతోపాటు రావాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయిని,
విజయనగరం.